కాలని ఫ్యూజు

2006 వానాకాలం మొదట్లో నేను భద్రాచలం వైపు అడవి అంచున ఉన్న ఒక మండలంలో విద్యుత్ శాఖ సబ్ ఇంజనీరుగా పనిచేస్తున్నాను. మాది వైరా. పాలిటెక్నిక్ అయ్యాక వచ్చిన మొదటి ఉద్యోగం. పగలు స్తంభాలు, ట్రాన్స్‌ఫార్మర్లు. సాయంత్రాలు గ్రూప్స్ పరీక్షకు చదువు. అందులో నేరం, శిక్ష, సామాజిక నియంత్రణ అని ఒక అధ్యాయం ఉండేది. మూడు సిద్ధాంతాలను నా పద్ధతిలో కుదించి గుర్తుపెట్టుకున్నాను. ఒకటి, భయం: శిక్ష తప్పదని తెలిస్తే మనిషి తప్పు చేయడు. రెండు, ముద్ర: దొంగ అని పేరు పెడితే మనిషి ఆ పేరుకు తగ్గట్టే మారతాడు. మూడు, బంధం: నలుగురితో ముడిపడి ఉన్నవాడు ఆ ముడి తెగుతుందనే వెనకాడతాడు. నాకు మొదటిదే నచ్చింది. లెక్కకు అందేది అదొక్కటే అనిపించింది.

ఒక పొద్దున లైన్‌మన్ యాకూబ్ ఫోన్ చేశాడు. నాకంటే చాలా పెద్దవాడు, భాయ్ అని పిలిచేవాణ్ణి.

"సారు, గూడెంల ఎద్దు సచ్చింది. పందుల కోసం ఎవడో చేనుకు కరెంటు పెట్టిండు. జల్దీ రండి."

కొత్తగా వేసిన మొక్కజొన్న విత్తనాలను అడవి పందులు తవ్వి తింటాయి. వాటికోసం కొందరు చేను చుట్టూ కర్ర గూటాలు పాతి, మోకాలి కిందికి సన్న ఇనుప తీగ లాగి, మోటారు లైనుకు కలుపుతారు. వ్యవసాయానికి త్రీ ఫేజు కరెంటు రోజంతా ఉండదు. గ్రూపుల వారీగా ఒక వారం పగలు, ఒక వారం రాత్రి ఇస్తాం. ఈ ఉచ్చు కట్టినవాడు రాత్రి కరెంటును నమ్ముకున్నాడు. పగలు ఆ తీగ ఉత్త ఇనుము. కానీ ఆ రోజుతో గ్రూపు మారింది. తెల్లారగానే కరెంటు వచ్చింది. సమ్మక్క అనే ఆవిడ అరక కట్టడానికి తోలుకుపోతున్న ఎద్దు తనకంటే ముందు నడిచింది కాబట్టి ఆవిడ బతికింది.

మేం వెళ్లేసరికి అక్కడ గూటాలు మాత్రమే ఉన్నాయి. తీగను ఎవరో కోసి మాయం చేశారు. గూడెంవాళ్లు ఒకరినొకరు అనుమానంగా చూసుకుంటూ నిలబడితే, జోగయ్య అనే నడివయసు రైతు ఒక్కడే ఎద్దుకు గుంత తవ్వుతున్నాడు. ట్రాన్స్‌ఫార్మర్ కింద ఫ్యూజు పెట్టె తెరిచి చూశాను. లోపం వస్తే ముందు కాలిపోయి కరెంటు ఆపాల్సిన సన్న తీగ ఉండాల్సిన చోట అల్యూమినియం పోగులు మెలిపెట్టి ఉన్నాయి. మాటిమాటికీ ఫ్యూజు పోతోందని ఊళ్లో వాళ్లే బిగించుకున్నారు. ఆ లావు తీగ ఒక్క ఎద్దుకు కాలదు.

నా పై అధికారి ఏడీఈకి ఫోన్‌లో చెప్పాను. ఆయన ఆలోచించలేదు. "పేరు చెప్పేదాకా ట్రాన్స్‌ఫార్మర్ బంద్ పెట్టు. వాళ్లే తెచ్చి అప్పజెప్తరు."

స్తంభం మీది స్విచ్చును కింది హ్యాండిల్‌తో తెరిచి, కరెంటు ఆపి తాళం వేశాం. తాగునీళ్ల మోటారు కూడా ఆ ట్రాన్స్‌ఫార్మర్ మీదే ఉంది. మధ్యాహ్నానికి ఖాళీ బిందెలు మా చుట్టూ చేరాయి. అందరికంటే ముందు సమ్మక్క.

"ఎద్దు నాది సచ్చె. నీళ్లు నాకే బంద్ జేస్తివి. మంచిగున్నది సారు నీ న్యాయం."

"పేరు చెప్పక్కా, ఇప్పుడే వేస్తా."

"తెలిస్తే నీదాకా ఎందుకు, చీపురు నేనే తిరగేస్తుంటి." బిందె చంక మార్చుకుని మళ్లీ అంది. "తెలిసినా నీకు చెప్ప. నువ్వు జీపుల ఎక్కించుకపోతవు. మల్ల నా చేను ఎవడు దున్నాలె, నీ జీపు దున్నుతదా?"

బిందెలవాళ్లు నవ్వారు. నాకు నవ్వు రాలేదు. పొద్దున ఒకరినొకరు అనుమానంగా చూసుకున్నవాళ్లు ఇప్పుడంతా ఒకవైపు, నేనూ యాకూబ్ ఒకవైపు.

ఎండ వాలుతుండగా ఏడీఈ మళ్లీ ఫోన్ చేశాడు. నీళ్లు ఆపారని పైకి ఫిర్యాదు పోయిందట. "పేరు సంగతి తర్వాత. పొద్దుగూకేలోపు కరెంటు ఇవ్వు."

అప్పుడు పట్టుకుంది అసలు భయం. ఒక్క వైపే ఉచ్చు కట్టి ఎవరూ ఊరుకోరు. ఇంకా తీగలు ఉండి ఉంటాయి. ఏ మోటారు నుంచి, ఏ మట్టి కింద నుంచి పోయాయో తెలియదు. పొద్దున వెతికినంత మేర ఏమీ దొరకలేదు, చేలన్నీ గడ్డి. మేం కరెంటు ఆపాక అడవికి పోయిన పశువులు, వాటి వెనక మనుషులు, ఆ చేల మీదుగానే తిరిగొస్తారు.

లైనుకు మెగ్గర్ పెట్టాను. కరెంటు ఎక్కడైనా భూమిలోకి కారుతోందా అని చూసే పరికరం అది. పొద్దున ముల్లు పడిపోయింది, అంటే కారుతోంది. ఇప్పుడు నిటారుగా నిలబడింది, కారడం లేదట. తీగకూ గూటాలకూ మధ్య చుట్టిన సైకిల్ ట్యూబు ముక్కలు పొద్దున తడిగా ఉండి, ఇప్పుడు ఎండకు ఆరిపోయి ఉంటాయి, ఇక కరెంటంతా తీగలోనే నిలుస్తుంది. తీగ ఎంత ప్రమాదంగా ఉంటే నా పరికరం అంత బాగుందంటోంది.

"మిషిన్ ఓకే అంటున్నది సారు," అన్నాడు యాకూబ్. "నాకైతే హ్యాండిల్ పట్టాల్నంటే చెయ్యి వస్తలేదు."

గూడెం పెద్ద సోమయ్య ఇంటి పందిరి కిందికి వెళ్లాను. బిందెలవాళ్లూ వెంట వచ్చారు. గుంత పూడ్చి వచ్చిన జోగయ్య ఒక మూల కూర్చున్నాడు.

"పెద్దాయనా, నాకిప్పుడు పేరు వద్దు. తీగలు ఎక్కడున్నాయో తెలిస్తే చాలు."

"రెండూ ఒకటే గద సారు. తీగ తీయపోయినోడే పెట్టినోడు. ఊరంత జూస్తది." సోమయ్య నా మొహంలోకి చూశాడు. "జూసినంక నువ్వేం జేస్తవ్?"

అబద్ధం చెబితే పని సులువుగా అయిపోయేది. నాకు తెలిసింది వరసగా చెప్పాను. కరెంటు దొంగతనం కేసు రాస్తాను. మొదటి తప్పయితే కాంపౌండింగ్ అనే దారి ఉంది, అంటే కట్టాల్సింది కట్టి, జైలు దాకా పోకుండా కేసు ముగించుకోవచ్చు. తనంతట తనే తీగలు తీశాడని కూడా రాస్తాను. అడవి జంతువుకు పెట్టిన ఉచ్చు కాబట్టి ఫారెస్టువాళ్లు పిలిస్తే అది నా చేతిలో లేదు.

యాకూబ్ నా చెవిలో గొణిగాడు. "గిట్ల చెప్తే ఎవడొస్తడు సారు?"

సోమయ్య మాత్రం తలాడించాడు. "దాస్తలేడు. మంచిదే." తర్వాత తమ భాషలో అందరికీ ఏదో చెప్పాడు. మాకోసం మళ్లీ తెలుగులో అన్నాడు.

"పెట్టినోడు తన ఎడ్లతోటి సమ్మక్క చేను ముందు దున్నాలె. అటెంకనే తన చేను. వాన అదును ఎల్లిపోయినా సరే. గది అయినంక ఈ ముచ్చట ఎవ్వడు ఎత్తొద్దు. ఎత్తినోనికి గూడ గదే శిక్ష."

అడవి దారిలో పశువుల మెడగంటలు వినిపించడం మొదలైంది. దూరంగా ఉన్నాయి, కానీ ఇటే వస్తున్నాయి. పందిరి కింద ఎవరి కాళ్లు వాళ్లు చూసుకుంటున్నారు.

జోగయ్య లేచాడు. చేతులకు గుంత మట్టి అలాగే ఉంది.

"నువ్వారా!" అంది సమ్మక్క. "పొద్దుగాల నా ఎద్దుకు గుంత తవ్వుకుంట ఏడిస్తివి గదరా!"

"అవ్ అక్కా. పందికి పెట్టిన. గ్రూపు మారిందని యాదికి లేదు."

చేల వైపు పరుగులాంటి నడక నడిచాడు. మేం వెనకే. మొదటి తీగ అతని మోటారు డబ్బా వెనక నుంచి పోయింది. రెండోది వెదురు పొద అంచున. మూడోది పశువుల బాటకు అడ్డంగా, గడ్డి కింద. జోగయ్య దాన్ని చుట్ట చుడుతుండగానే మొదటి ఆవు ఆ చోటు దాటింది. వెనక దాని తోక పట్టుకుని ఒక ముసలాయన. యాకూబ్ చుట్టిన తీగను భుజాన వేసుకున్నాడు.

"ఇంకా ఉన్నాయా?" అన్నాను.

"లేవు సారు. నమ్మకుంటే నేను ఈడ్నే నిలవడ్త, నువ్వు కరెంటు వెయ్యి."

నేను ఒప్పుకోలేదు. అందరినీ చేల బయటికి పంపి, పెట్టెలో లావు పోగులు పీకేసి సరైన సన్న తీగ కట్టి, అప్పుడు హ్యాండిల్ వేశాను. ఫ్యూజు నిలిచింది. కాసేపటికి కుళాయి దగ్గర బిందెల గోల వినిపించింది.

మర్నాడు జోగయ్య సోమయ్యతో కలిసి సెక్షన్ ఆఫీసుకు వచ్చి తన పేరు తనే చెప్పాడు. కేసు రాశాను. కాంపౌండింగ్‌తో ముగిసింది. ఫారెస్టువాళ్లు రెండుసార్లు పిలిపించారు, గట్టిగా హెచ్చరించి వదిలారు.

ఆ రోజు నేను నేర్చుకున్నది ఇది. ఊరంతటికీ కరెంటు ఆపడం కూడా ఫ్యూజులో లావు తీగ పెట్టడం లాంటిదే. లోపం ఎక్కడుందో కనిపించకుండా పోతుంది. జోగయ్య పొద్దంతా భయపడ్డాడు. ఆ భయమే అతన్ని కూర్చోబెట్టింది. శిక్ష ఎంతో, అది ఎక్కడ ముగుస్తుందో తెలిశాకే లేవగలిగాడు.

వారం తర్వాత అటు వెళ్లినప్పుడు ఆకాశం తేటగా ఉంది, నేలలో పదును ఆరిపోతోంది. జోగయ్య చేనులో విత్తనాలు వేయని సగం ఇంకా అలాగే పడి ఉంది. అతని ఎడ్లు సమ్మక్క చేనులో తిరుగుతున్నాయి. ఆవిడ గట్టు మీద నిలబడి అరుస్తోంది.

"సాలు వంకర పోతున్నది, సూపు ఏడవెట్టినవ్ రా?"

తీగల మాట ఎత్తలేదు. నేను ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఆగి పెట్టె తెరిచాను. మేం కట్టిన సన్న తీగే ఉంది.