బాపిరాజన్నయ్య సగం కథలు

మా బాపిరాజన్నయ్య పుట్టిన దగ్గర్నుంచి ఏ కథా ఒక్క పట్టున చివరిదాకా చెప్పి ఎరగడు. సరిగ్గా అందరూ ఊపిరి బిగబట్టిన చోట ఆపేసి, "తరవాత ఏమైందో మీరు చెప్పండి" అంటాడు.

ఓసారి పెళ్ళి భోజనాల్లో మొదలుపెట్టాడు. "భీమడోలు స్టేషన్లో రైలు కదిలిపోయింది. నా కుడికాలు పెట్టెలో ఉంది, ఎడమకాలు ప్లాట్‌ఫారం మీద ఉంది. అప్పుడూ..." అని గారె అందుకున్నాడు. బంతిలో నలభై మంది చేతులు ఆగిపోయాయి. వడ్డించేవాళ్ళు పులుసు గరిటె ఎత్తి పట్టుకుని నిలబడిపోయారు.

"అప్పుడేమైందిరా?" అన్నాడు తాత.

"మీరు చెప్పండి."

ఆ ఎడమకాలి సంగతి తెలియకుండానే తాత కాలం చేశాడు.

అన్నయ్య మా పెదనాన్న కొడుకు. మాది కొల్లేటి నడుమ లంక. పెదనాన్న పోయాక దొడ్డమ్మ మంగమ్మకి వాడొక్కడే. చదువుకుని చేపల శాఖలో చేరితే, గవర్నమెంటు వాళ్ళు ఇంకో రెండేళ్ళు చదువుకు రమ్మని నార్వే పంపారు.

"చేపలు పట్టడం నేర్పడానికి మీ బాబాయి చాలడట్రా?" అంది దొడ్డమ్మ.

దొడ్డమ్మకి చదువు రాదు. మా నాన్న పోతురాజుకి సంతకం ఒక్కటే వచ్చు. అందుకని ఉత్తరాలు చదివేదీ, జవాబులు రాసేదీ నేనే. ఏలూరులో మేనత్త ఇంట్లో ఉండి మూడో ఫారం ప్యాసయ్యాను. ఇంతలో మావయ్యకి తాడేపల్లిగూడెం బదిలీ అయింది. "అంత దూరం ఎందుకు? చదివింది చాల్లే" అన్నాడు నాన్న. నాలుగో ఫారం పుస్తకాలకి అప్పటికే అట్టలు వేసుకున్నాను. వాటిని ట్రంకుపెట్టెలో పెట్టి మూత వేస్తుంటే, ఇంకా నార్వే బయల్దేరని అన్నయ్య గుమ్మంలో నిలబడి చూశాడు.

నార్వే నుంచి వచ్చిన ఉత్తరాల్లో చదువు ముక్క ఉండేది కాదు. అన్నీ ఆదివారాల సంగతులే.

మొదటిది ఇలా ఉంది. "కాళ్ళకి రెండు పొడుగాటి చెక్కలు కట్టుకుని మంచుకొండ మీంచి జారుతారు. నేనూ కట్టుకున్నాను. జారాను. ఆపడం ఎలాగో అడగడం మరిచిపోయాను. ఎదురుగా ఒక ముసలావిడ పాలక్యాను పట్టుకుని వస్తోంది. అప్పుడూ... తరవాతది సరోజ రాయాలి. రాస్తేనే చెప్తాను."

దొడ్డమ్మ గుండెలు బాదుకుంది. "ముసలమ్మని చంపేశాడే! రాయవే తల్లీ, తొందరగా రాయి!"

"అన్నయ్యా, నువ్వు పడిపోయావు" అని రాశాను. నెలరోజులకి జవాబొచ్చింది. "ఇది జవాబు కాదు. ఎటు పడ్డాను? పాలేమయ్యాయి? ఆవిడేమంది? పేజీకి తగ్గితే చెప్పను." నా ఉత్తరంలో తప్పున్న వాక్యం కూడా ఎత్తి రాశాడు. అందులో నా అక్షరదోషం చుట్టూ ఎర్రసిరా సున్న!

ఇక చూడండి మా ఇంట్లో సందడి! పోస్టుమాన్ పాపారావు గారు దోనె దిగకుండానే కేకేసేవారు, "సరోజమ్మగారూ, నార్వే అండీ!" ఉత్తరం చదవడం అయ్యేదాకా కదిలేవారు కాదు. ఆ కథ ఆయనతో పాటు భీమడోలు వెళ్ళేది, అక్కణ్ణుంచి రైలెక్కేది. తాడేపల్లిగూడెం మిల్లుల్లో కూడా పాలక్యాను సంగతి అడుగుతున్నారని మేనత్త రాసింది.

అన్నిటికన్నా గొప్పది గెడ ఉత్తరం. అక్కడ సముద్రం కొండల మధ్యకి పాములా దూరి వస్తుందట. పడవ ఇచ్చి, తెడ్లు ఇచ్చారు. మావాడు తెడ్లు ముట్టుకుంటాడా? "మా ఊళ్ళో పడవని గెడేసి నడుపుతాం" అని ఇరవై అడుగుల కర్ర కొట్టించుకుని, వెనకాల నిటారుగా నిలబడ్డాడు.

"గెడ దింపాను బాబాయ్. దిగింది. ఇంకా దిగింది. మన కొల్లేట్లో నడుములోతుకే నేల తగులుతుంది కదా, ఇక్కడ తగలదేం? గెడ చస్తే వదలకూడదని తాత చెప్పాడు. అందుకని నేనూ..."

నాన్న లేచి నిలబడ్డాడు. "వదిలేసి ఉంటాడా?"

"మనవాడు వదలడండీ" అన్నారు పాపారావు గారు.

"వదలకపోతే మునిగిపోడూ?"

ఆ నీళ్ళ లోతెంతో తెలియకుండా ఎలా రాయను? మా లంక బడి మాస్టారి దగ్గర్నుంచి అట్లాసు తెచ్చాను, భూగోళం పుస్తకం తెచ్చాను. ఎనిమిది పేజీలు రాశాను. సున్నలు మూడే పడ్డాయి!

అసలు సంగతేమిటంటే, అన్నయ్య గెడతో పాటే దిగాడు. ఒక ముసలాయన కొక్కెం వేసి పైకి లాగి, "కింద ఏం వెతుకుతున్నావు?" అని అడిగాడట.

"నేల" అన్నాడట మావాడు.

ఆఖరి ఉత్తరంలో గడ్డకట్టిన చెరువు మీద నడుస్తున్నాడు. కాళ్ళకింద మంచు కిర్రుమంది. అంతే. తరవాతది వచ్చాక చెప్తానన్నాడు. నలభై రోజులు నాన్న వలలో చేప పడినా చూడలేదు.

వేసవిలో అన్నయ్య రానే వచ్చాడు. కాళ్ళు కడుక్కోకముందే నాన్న పట్టుకున్నాడు.

"మంచు విరిగిందా?"

"చెప్తాను బాబాయ్. ముందు ఇంకోటి వినండి." సంచీలోంచి నా ఉత్తరాల కట్ట తీశాడు. "ఒక లంకలో ఒక అమ్మాయి ఉంది. ఇరవై రెండు ఉత్తరాలు రాసింది. దారిలో తాడేపల్లిగూడెంలో దిగి, వాటిని అక్కడి హైస్కూలు హెడ్మాస్టరు గారికి చూపించాను. ఆయన అన్నీ చదివి, కళ్ళజోడు తీసి తుడుచుకుని..."

ఆపేశాడు. మజ్జిగ అందుకున్నాడు.

నేను స్తంభం వెనక్కి జరిగాను.

"ఏమన్నారు?" అన్నాడు నాన్న.

"మీరు చెప్పండి."

రెండేళ్ళుగా జవాబులన్నీ నేనే రాశాను. నాన్న మీద పడడం ఇదే మొదలు. ఆయన నావైపు చూశాడు, కట్టవైపు చూశాడు, చెమట తుడుచుకున్నాడు.

"నాలుగో ఫారంలో చేర్చుకుంటానన్నాడు."

"ఇది జవాబు కాదు బాబాయ్. ఎప్పుడు? ఎవరింట్లో ఉంటుంది? ఎవరు దిగబెడతారు?"

"జూన్‌లో! మేనత్త ఇంట్లో! నేనే దిగబెడతాను, చాలా? ఇప్పుడు చెప్పరా నాయనా, మంచు విరిగిందా లేదా?"

అన్నయ్య జీవితంలో ఒక్క పట్టున చివరిదాకా చెప్పిన కథ అదొక్కటేనట. నేను మాత్రం వినలేదు. లోపల ట్రంకుపెట్టె మూత బిగుసుకుపోతే, అట్లకాడ పెట్టి తీస్తున్నాను.