ఖాలా ముందుగదిలో మగ్గం గుంత

ఈ ఉదయం మా ముందుగదిలో గడ్డపార పడింది. గచ్చు పగిలాక కిందినుంచి ఎర్రమట్టి వాసన లేచి ఇల్లంతా పరుచుకుంది. మా ఆయన వాకిట్లో నిలబడి, ఎంతో మోజుపడి వేయించుకున్న గచ్చును ఎవరైనా పగలగొట్టుకుంటారా అని గొణుగుతున్నాడు. ఆయన గొణుగుడు నాకు కొత్తేమీ కాదు గనుక చేతికి టీ గ్లాసు ఇచ్చి ఊరుకున్నాను. మా వెనకగదిలో కొత్తగా కిరాయికి దిగినవాళ్లకు మగ్గం ఉంది. అది గుంత మగ్గం. నేసే మనిషి నేలమీద కూర్చుని, కాళ్లు గుంతలోకి వదిలి తొక్కాలి. కిరాయికొచ్చినవాళ్లను ఇంట్లో గుంత తవ్వుకోనిచ్చే మనిషిని నా బతుకులో ఒక్కరినే చూశాను. ఆమె పేరు మహబూబ్ బీ. మేమంతా ఖాలా, అంటే పిన్నమ్మా, అని పిలిచేవాళ్లం.

తెలంగాణ వచ్చిన కొన్నాళ్లకు మా ఊరు రిజర్వాయర్ కిందికి పోయింది. ఇళ్ల జాగాలు ఇస్తామన్నారు. ఇచ్చేదాకా ఎక్కడ తలదాచుకోవాలో ఎవరూ చెప్పలేదు. నేనూ, మా ఆయనా, మా మామా నకిరేకల్ చేరాం. మామ మగ్గం విప్పి, కట్టెలన్నీ పాత చీరతో మూటకట్టి, ట్రాలీ ఆటోలో ఆ మూట మీద చెయ్యి వేసుకుని వచ్చాడు. నకిరేకల్‌లో కిరాయి ఇళ్లకు కొదవ లేదు. కానీ గోడకు మేకు కొడితేనే మొహం మాడ్చుకునేవాళ్లు నేల తవ్వుతామంటే ఊరుకుంటారా? ఒకాయన మమ్మల్ని ఎగాదిగా చూసి గేటు వేసుకున్నాడు. ఆఖరికి నిమ్మకాయల మార్కెట్ వెనక సందులో ఖాలా ఇంటి వెనకగది దొరికింది. గుంత మాట ఎత్తకుండానే దిగాం.

ఖాలాకు అప్పటికే డెబ్బై దగ్గరపడ్డాయి. భర్త లేడు, పిల్లలు లేరు. ముందుగదిలో ఒక్కతే ఉండి మార్కెట్‌కు గోనెసంచులు కుట్టేది. మనిషి పుల్లలా ఉండేది గానీ, ఆమె నోరు తెరిస్తే సందు చివరిదాకా వినబడేది. మాకు ఆమె నోటితో పేచీ లేదు, ఇంటి వెనక ఉన్న జాగాతోనే. అదంతా రేగు, పరికి కంప అల్లుకుపోయిన పొద. చెయ్యి పెట్టే సందు లేదు. అంత జాగాను కంపకు వదిలేసిన మనిషిని చూస్తే నాకు ఒళ్లు మండేది. మా గదిలో ముగ్గురం పడుకుంటే తలుపు తెరవడానికి చోటుండేది కాదు. మగ్గం కట్టెలు బయట గోడకు ఆనుకుని ఎండుతున్నాయి. మామ పొద్దంతా అరుగు మీద కూర్చుని ఖాళీ చేతులతో మోకాళ్లు రుద్దుకునేవాడు. హైదరాబాదులో ఎవరో అపార్ట్‌మెంటుకు వాచ్‌మన్ కావాలన్నారట. ఒకరోజు అన్నం తింటూ తల ఎత్తకుండా చెప్పాడు:

"దసరా అయినంక నేను పట్నం పోత. మగ్గం కట్టెలు పొయ్యిల వెట్టుకోండ్రి."

ఆయన మగ్గం దిగితే ఎక్కువకాలం బతకడని మా ఇద్దరికీ తెలుసు. ఆ పొద కొట్టేస్తే అక్కడ రేకుల షెడ్డు వేసుకోవచ్చని, గుంత కూడా తవ్వుకోవచ్చని నేనే మాటెత్తాను. జాగా బాగుచేసి పెడితే ఖాలా సంతోషిస్తుందే తప్ప కాదంటుందా అనుకున్నాం. ఆమె సంచులు ఇవ్వడానికి మార్కెట్‌కు పోయినప్పుడు మామ, మా ఆయన గొడ్డలీ కొడవలీ పట్టుకుని వెనక్కి పోయారు. ఒక మూల నరికారో లేదో ఖాలా వచ్చింది. చంకలో సంచుల కట్ట అక్కడే పడేసి, చెప్పులు లేని కాళ్లతో కంప తొక్కుకుంటూ వచ్చి గొడ్డలి కామ పట్టుకుంది.

"ఆగుండ్రి. గాడ మీకంటె ముందొచ్చినోళ్లున్నరు."

ఎవరున్నారా అని చూశాం. పొద అడుగున ఒక కౌజుపిట్ట, దాని వెనక మట్టిబెడ్డల్లాంటి పిల్లలు గునగున లోపలికి పోతున్నాయి. నాకు కోపం ఆగలేదు. మనుషులకు లేని జాగా పిట్టలకు ఉన్నదా అని అడిగేశాను. ఖాలా గొడ్డలి వదిలేసింది. సంచులు ఏరుకుని లోపలికి పోయి తలుపు వేసుకుంది.

ఆమె అరిస్తే భయపడేవాళ్లం కాదు. మాట్లాడకపోయేసరికి ఇక ఈ గది కూడా పోయినట్టే అనిపించి, సాయంత్రమే గిన్నెలు సంచిలో సర్దాను. పొద్దున్నే ఆమె మామను ముందుగదిలోకి పిలిచింది. వెనకే నేనూ పోయాను. గది ఖాళీగా ఉంది. ఆమె మంచం, పెట్టె, కుట్టే సంచులు అన్నీ వసారాలోకి చేరాయి. మట్టినేల మీద బొగ్గుతో నలుచదరంగా గీత గీసి ఉంది.

"గీడ తవ్వుకో అన్నా. కిటికీల నుంచి వెలుగు మంచిగొస్తది," అంది.

"మరి నువ్వేడుంటవమ్మా?" అన్నాడు మామ.

"వసారకు కప్పున్నది గదా."

మామ గడ్డపార పట్టుకోబోయి, పక్కన పెట్టి, కండువా మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. ఊరు మునిగినప్పుడు కూడా ఆయన ఏడవలేదు.

నాలుగు రోజుల్లో మగ్గం చప్పుడు సందంతా వినిపించింది. ఖాలా చుట్టాలు వచ్చి గొడవపడ్డారు. ముసలి వయసులో ఇంట్లో గుంత తవ్వించుకోవడం గోరీ తవ్వించుకున్నట్టేనని, కీడని అన్నారు. ఆమె సూది ఆపకుండానే చెప్పింది: "గోరీల కాళ్లు ఆడుతయా? గీ గుంతల పొద్దంత ఆడుతున్నయి గదా." చుట్టాలు టీ తాగి వెళ్లిపోయారు.

ఒక వాన మధ్యాహ్నం వసారాలో నేను నూలు కండెలు చుడుతున్నాను, ఆమె సంచులు కుడుతోంది. నా అనుమానం నాకుంది కదా, ఉన్న ఒక్క గదీ ఇచ్చావు గానీ ఆ పొద మీద అంత ప్రేమేమిటని అడిగాను. అప్పుడు చెప్పింది. ఆమె పాలుతాగే పిల్లగా ఉన్నప్పుడు ఊళ్లలో గడబిడ అయిందట. వాళ్లమ్మ ఈమెను చంకనేసుకుని పారిపోయి ఒక రేగు పొదలో దూరిందట. లోపల కౌజుపిట్టలున్నాయట. అవి బెదిరి లేచి ఉంటే వెతికేవాళ్లకు తెలిసిపోయేది. లేవలేదట, కాస్త పక్కకు జరిగాయట. నమ్మాలో వద్దో నాకు తెలియదు. ఆ పొద ఇదేనా అన్నాను. కాదు, అది సూర్యాపేట అవతల ఎక్కడో, ఇప్పుడు లేదు అంది.

"మా అమ్మను గా పొద నువ్వెవలని అడగలే బిడ్డా," అని దారం కొరికింది.

ఆ రోజుతో పొద మీద కోపం పోయింది. పాముల భయం మాత్రం పోలేదు.

మాకు జాగా రాకముందే మామ పోయాడు. నేస్తూ నేస్తూ పోలేదు గానీ, ముందురోజు దాకా నేశాడు. కిరాయి ఇంట్లో శవాన్ని ఉంచనియ్యరు, అందరికీ తెలిసిన సంగతే. దవాఖాన నుంచి తెస్తుంటే రోడ్డు మీదే దించాలని సందులోవాళ్లు టెంటు మాట్లాడుతున్నారు. ఖాలా ముందుగది తలుపులు బార్లా తెరిచి నిలబడింది. "ఆయన ఇల్లు గిదే," అంది, అంతే. మామను మగ్గం పక్కనే పడుకోబెట్టాం. నా సొంత తల్లి పోయినప్పుడు ఏడ్చినంత ఏడ్చాను ఆమె భుజం మీద.

తర్వాత జాగా వచ్చింది, ఇల్లు కట్టుకున్నాం. మా ఆయనకు నేత రాదు గనుక మగ్గం చుట్టాలకు ఇచ్చేశాం. బయల్దేరేముందు గుంత పూడ్చడానికి మట్టి తెస్తే ఖాలా వద్దంది. "పలకలేసి పోండ్రి. ఇంక ఊర్లు ముంచే చెరువులు కడ్తనే ఉన్నరు గదా," అంది. ఆమె పోయాక చుట్టాలు ఇల్లు అమ్ముకున్నారు. ఇప్పుడక్కడ దుకాణాలున్నాయి. పొద లేదు. ఆ సందులోకి నేను పోను.

మా పెరటి మూలన రేగు కంప దానంతటదే మొలిచింది, నేను కొట్టలేదు. మొన్న కొత్తగా దిగిన పిల్ల, వాళ్ల ఊరూ ఈ ఏడే రిజర్వాయర్ కిందికి పోతోందట, నన్ను సంతోషపెడదామని కొడవలి పట్టుకుని ఆ మూలకు పోయింది. గోడకు ఆనించిన వాళ్ల మగ్గం కట్టెల పక్కనుంచి, చెప్పులు కూడా వేసుకోకుండా ఉరికాను.

"ఆగు బిడ్డా. గాడ మీకంటె ముందొచ్చినోళ్లున్నరు."

ఆ గొంతు నాదేనా అనిపించింది. పిల్ల బెదిరిపోయి కొడవలి కింద పెట్టేసింది. "గది ఖాళీ చెయ్యాల్నా అక్కా?" అని అడిగింది. ఆ కళ్లలో భయం నాకు బాగా తెలిసినదే.

"ముందుగదిల వెలుగు మంచిగొస్తది," అన్నాను. "రా, గుంత ఏడ తవ్వాల్నో చూపియ్యి."

ఈ ఉదయం మా ఆయన టీ తాగేసి గ్లాసు కిటికీలో పెట్టాడు. గొణుగుతూనే మా మంచం ఒక కొస పట్టుకున్నాడు. రెండో కొస నేను పట్టుకుంటే వసారాలోకి జరిపాం.