బొట్టు పెట్టిన ఫ్లాపీ

కంప్యూటర్ కోర్సులో చేరిన మొదటి వారమంతా లక్ష్మీనర్సమ్మ సిటీ బస్సులో తనలో తానే నవ్వుకుంటూ ఇంటికి వచ్చేది. పక్క సీట్లోని ఆడవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకునేవాళ్లు. చూసుకోనీ, ఆమెకేం? నలభైకి దగ్గరపడ్డ మనిషి, ఇద్దరు పిల్లల తల్లి. సాయంత్రమంతా కూర్చుని ఒక అక్షరం కొట్టి, దాన్ని చెరిపి, మళ్లీ కొట్టి, మళ్లీ చెరిపి వచ్చింది. కాగితం మీద మచ్చ లేదు. అసలు కాగితమే లేదు!

ఇందులో ఇంత మురిసిపోవడానికేముంది అనుకునేవాళ్లకు ఆమె ఉద్యోగం సంగతి చెప్పాలి. హనుమకొండలో ఒక ప్రైవేటు కాలేజీ ఆఫీసులో ఆమె టైపిస్టు. ప్రిన్సిపాల్ కిషన్ రావు గారు అటూ ఇటూ తిరుగుతూ ఇంగ్లీషులో చెబుతుంటే ఆమె టకటకా కొట్టుకుంటూ పోయేది. ఒక్క తప్పు పడిందా, పై కాగితం, కార్బన్లు, అడుగు కాపీలు అన్నీ మళ్లీ మొదటికి. ఉత్తరం కింద ఆయన పేరు, ఆయన హోదా ఉండేవి. ఇంకా కింద, ఎడమ మూలన, కొట్టింది ఎవరో తెలియడానికి ‘ఎల్.ఎన్.’ అని రెండు పొట్టి అక్షరాలు. ఏళ్ల తరబడి కొట్టిన వాటిలో ఆమెది అనదగ్గవి ఆ రెండే. దానికామె ఏనాడూ బాధపడలేదు. టైపిస్టు పనే అంత కదా అనుకుంది.

ఎనభై ఎనిమిదిలో కాలేజీకి కంప్యూటర్ కొనాలనుకున్నారు. కిషన్ రావు గారు ఆమెను పిలిచి, చౌరస్తా దగ్గర కొత్తగా తెరిచిన ఇన్‌స్టిట్యూట్‌లో కంప్యూటర్ మీద రాయడం నేర్చుకోమన్నారు. సాయంత్రం క్లాసులు, ఆర్నెల్ల కోర్సు. పాసైతే కంప్యూటర్ ముందు కుర్చీ ఆమెది. ఫెయిలైతే అందులో ఇంకెవరో కూర్చుంటారు, ఆమె వెళ్లి లైబ్రరీలో పుస్తకాలకు అట్టలు వేసుకోవాలి. ఆయన మర్యాదగానే చెప్పారు గానీ, ఆ పూట ఆమెకు అన్నం సహించలేదు.

ఆ భయం క్లాసులో అడుగుపెట్టేదాకానే. గది బయట చెప్పులు విడవాలి, లోపల ఏసీ చల్లగా కొడుతుంటుంది, ఎవరూ గట్టిగా మాట్లాడరు. ఆమెకు గుళ్లోకి వచ్చినట్టే అనిపించి, కీబోర్డు తాకి కళ్లకద్దుకుంది. చుట్టూ ఉన్న డిగ్రీ పిల్లలు కిసుక్కున నవ్వారు. పరీక్ష దగ్గరపడేసరికి వాళ్లూ తలా ఓసారి మొక్కి కూర్చోవడం మొదలుపెట్టారనుకోండి, అది వేరే సంగతి.

పాత అలవాటు మాత్రం ఒక పట్టాన పోలేదు. లైను చివరికి రాగానే ఆమె ఎడమ చెయ్యి దానంతటదే లేచి, టైపు మిషను క్యారేజీని తోసినట్టు తోసేది. ఇక్కడ క్యారేజీ ఎక్కడిది? ఆ తోపు పక్కన కూర్చున్న పిల్లకు తగిలేది. పాఠం చెప్పే రాజేశ్వర్ రావు, మీసాలు కూడా సరిగ్గా రాని కుర్రాడు, లైను దానంతటదే మారుతుందని రోజూ ఓపిగ్గా చెప్పేవాడు. ఆమె రోజూ సరే సార్ అనేది, రోజూ ఆ పిల్లను తోసేది.

ఇంటికి రాగానే ఇదంతా భర్త వెంకట్రాజానికి చెప్పాలి, లేకుంటే ఆమెకు తోచదు. ఆయన కొత్తవాడలో మగ్గం నేస్తాడు. చెరిపితే ఆనవాలు కూడా ఉండదంటే ఆయనకు ఎంతకీ నమ్మకం కుదరలేదు.

“పోగు తెగితే ముడేస్తం. ఎంత మంచిగేసినా ముడి ముడే. మరి గాడ ముడి సుత కనవడదా?”

“కనవడదంటాన గదా. మీరు ఫికర్ చెయ్యకుండ్రి, నేను పాసైత” అంది, పాసైపోయినట్టే.

దసరా సెలవులకు ముందు రాజేశ్వర్ రావు ఆఖరి పని అప్పజెప్పాడు. ‘ఈ కోర్సులో నేనేం నేర్చుకున్నాను’ అని ఎవరికి వాళ్లు ఒక పేజీ ఇంగ్లీషులో రాసి తమ ఫ్లాపీలో దాచుకోవాలి. సెలవుల తర్వాత హైదరాబాద్ నుంచి పరీక్షకుడు వచ్చి చూస్తాడు. లక్ష్మీనర్సమ్మ తనకు తెలిసిన పద్ధతిలోనే రాసింది. పై విషయమునకు సంబంధించి తమరికి సవినయంగా విన్నవించుకొనునది ఏమనగా, అన్న ధోరణిలో పేజీ నిండింది. ఒక్క తప్పు లేదు. ఎంత పొంగిపోయిందో!

పండగ రోజున వెంకట్రాజం మగ్గం తుడిచి, పోగుల మధ్య అటూ ఇటూ పరిగెత్తే నాడెను కడిగి, పీట మీద పెట్టి పసుపు కుంకుమలు అద్దుతున్నాడు. ఆమె సంచీలోంచి ఫ్లాపీ తీసి నాడె పక్కన పెట్టింది.

“గిది సుత పనిముట్టేనా?” అన్నాడు.

“నా నాడె గిదే” అంది.

ఆయన కుంకుమ భరిణె ఆమె వైపు జరిపాడు. బొట్టు ఎక్కడ పెట్టాలి? నల్లటి ఆ చదరపు అట్టకు చిన్న కిటికీ ఉంది, అందులోంచి గోధుమ రంగు బిళ్ల మిలమిలలాడుతోంది. దాని ముఖం అదేనని ఆమెకు తోచింది. పసుపు రాసి, కుంకుమ పెట్టి, దండం పెట్టి, కవర్లో భద్రంగా దాచింది. ఎంత శ్రద్ధగా చేసిందో తల్లి!

పరీక్ష రోజు ఆ ఫ్లాపీ లోపలికి పెట్టగానే మిషను గర్రుమని అరిచి ఆగిపోయింది. రాజేశ్వర్ రావు దాన్ని బయటికి లాగాడు. వేళ్లు ఎర్రబడ్డాయి. వాసన చూశాడు.

“అక్కా, గిదేంది?”

“దసరా కదా సార్, బొట్టు పెట్టిన.”

గదంతా గొల్లుమంది. ఆమెకూ నవ్వొచ్చింది, వెంటనే కళ్లనిండా నీళ్లూ వచ్చాయి. పేజీ పోయింది. ఉన్న రెండు కంప్యూటర్లలో ఒకటి కుంకుమతో మూలపడింది. పరీక్షకుడు సాయంత్రం బండికి పోవాల్సిన మనిషి. పేజీ లేకుంటే తానేం చూస్తానని, వచ్చే బ్యాచ్‌లో రమ్మని అన్నాడు. అట్టలు, జిగురు, లైబ్రరీ మూల ఆమె కళ్ల ముందు తిరిగాయి.

పాఠం చెప్పే ఆ కుర్రాడే అడ్డుపడ్డాడు. “రాయడం ఆమెకు వచ్చు సార్. జర మీ ముందల్నే రాయించి చూడుండ్రి.”

అందరి తర్వాత, తాను చాయ్ తాగి లేచేలోపు రాస్తే చూస్తానన్నాడు పరీక్షకుడు.

ఆమె కూర్చుంది. పాత పేజీలో ఒక్క ముక్క గుర్తుకు రాలేదు. సవినయంగా విన్నవించుకునే తీరిక ఎక్కడిది? వేళ్లు ఎటు తీసుకుపోతే అటు పోయింది. వచ్చీరాని ఇంగ్లీషులో గాలిని తోసిన తన ఎడమ చెయ్యి గురించి, దెబ్బలు తిన్న పిల్ల భుజం గురించి రాసింది. బస్సులో నవ్వు గురించి రాసింది. తప్పు చేస్తే మొదటికి రానక్కర్లేదని తెలిశాక భయం పోయిందని రాసింది. ఈ పొద్దు ఫ్లాపీకి బొట్టు పెట్టకూడదని కూడా నేర్చుకున్నానని రాసి, నవ్వు ఆపుకోలేక నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

పరీక్షకుడు గ్లాసు పక్కన పెట్టి చదవడం మొదలుపెట్టాడు. మధ్యలోకి రాకముందే నవ్వాడు. బొట్టు దగ్గర కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. అడుక్కి వచ్చి ఆగిపోయాడు.

“ఏమమ్మా, కోర్సు చేసింది నువ్వా, ఇంకెవరన్నానా?”

ఆమె వంగి చూసింది. పేజీ కింద ‘కిషన్ రావు, ప్రిన్సిపాల్’ అని ఉంది. దాని కింద ఎడమ మూలన ‘ఎల్.ఎన్.’ ఎప్పుడు కొట్టిందో ఆమెకే తెలియదు. వేళ్లు వాటి అలవాటు అవి చేసుకున్నాయి. ఇన్నేళ్లలో మొట్టమొదటిసారి తన మాటలు తాను రాసుకుంది, వాటినీ ఆయన ఖాతాలో వేసేసింది.

సిగ్గుతో ఆమె చెంపలు కాలాయి. చెరిపే బటన్ మీద వేలు పెట్టింది. ముందుగా మూలనున్న తన రెండు అక్షరాలు పోయాయి. తర్వాత ప్రిన్సిపాల్ పోయాడు. తర్వాత కిషన్ రావు. ఆ చోట ఆమె తన పేరు నిండుగా, అన్నీ పెద్దక్షరాల్లో కొట్టింది.

పాస్ అని రాసి, వచ్చే దసరాకు బొట్టు కవరు మీద పెట్టుకోమని చెప్పి, పరీక్షకుడు బండికి పరిగెత్తాడు.

అచ్చు తీసిన కాగితం పట్టుకుని, బస్సులో ఎవరు చూస్తున్నారో పట్టించుకోకుండా నవ్వుతూ, ఆమె కొత్తవాడ చేరింది. వెంకట్రాజం మగ్గం ఆపి, చెయ్యి తుడుచుకుని కాగితం అందుకున్నాడు. ఆయనకు ఇంగ్లీషు రాదు. కానీ భార్య అక్షరాలు ఎక్కడుంటాయో ఎన్నోసార్లు విన్నాడు కనుక ఎడమ మూలన వెతికాడు. అక్కడ ఏమీ లేదు.

“మరి నీ పేరేది?”

ఆమె ఆయన వేలు పట్టి నడిమికి జరిపింది. ఆయన ఒక్కో అక్షరం మీద వేలు పెట్టుకుంటూ చివరిదాకా పోయాడు.

“గింత పెద్దగున్నదా నీ పేరు?” అన్నాడు.