శుక్రవారం ఫోను

పక్కింటి అక్క పోయిందని పొద్దున్నే మా ఆయన వచ్చి చెబితే, ఊఁ అని వాకిలి ఊడవడం పూర్తి చేశాను. ఏడుపు రాలేదు. ఇది రాస్తున్నప్పుడూ రావడం లేదు.

ఉయ్యూరులో మా వీధి నుంచి కువైట్‌కి ఇంటిపనికి వెళ్ళిన మొదటి మనిషి అక్కే. తొంభైల్లో మాట. దిగిన రోజే ఆ ఇంటివాళ్ళు పాస్‌పోర్టు బీరువాలో పెట్టి తాళం వేశారు. అక్కడి చట్టం ప్రకారం ఎవరి వీసా మీద వెళితే వాళ్ళింట్లోనే ఉండాలి. చెప్పకుండా గడప దాటితే పోలీసులు పట్టుకుంటారు. తల్లి పోయినప్పుడు కూడా అక్కను పంపలేదు. చివరికి పారిపోయి, దొంగలా దాక్కుని, అక్కడి ప్రభుత్వం పారిపోయినవాళ్ళకి క్షమాభిక్ష ప్రకటించాక వేలిముద్రలు వేసి ఇల్లు చేరింది. మళ్ళీ ఆ దేశంలో అడుగు పెట్టకూడదన్నారట. "బతిమాలినా పెట్టను లెండి" అని నవ్వేది.

మా వీధి ఆడపిల్లలం మేమూ కువైట్‌కి ప్రయాణం కట్టినప్పుడు మాత్రం వద్దనలేదు. "వద్దంటే నేను పెడతానా మీకు తిండి?" అనేది. అక్కడి పని నేర్పడానికి చపాతీ పిండి పిసికిస్తూ, వీధి చివర కిరాణా కొట్టు ఫోను నంబరు వల్లె వేయించేది. తడబడితే మొట్టికాయే.

"కాయితం మీద రాసుకుంటే లాక్కుంటారే. నోట్లో ఉన్నదాన్ని ఎవడు లాక్కుంటాడు?"

అక్కడ శుక్రవారం సెలవు. ఏ పిల్లకి ఫోను చిక్కుతుందోనని, ప్రతి శుక్రవారం మధ్యాహ్నం ఆ కొట్టు బల్ల మీద పల్లీలు ఒలుచుకుంటూ కూర్చునేది. "నా కొట్టుని టెలిఫోనాఫీసు చేశారు గదండీ" అని కొట్టాయన విసుక్కునేవాడు. ఫోను మీద దుమ్ము మాత్రం తనే తుడిచేవాడు.

నేనూ ఒకసారి అక్కడినుంచి చేశాను. ఇంటికి పోతానన్నందుకు నన్ను కొట్టి, నేను పనిచేసే ఇంటివాళ్ళు పెళ్ళికి వెళ్ళారు. అక్క ముందు అడిగినవి రెండే.

"అన్నం తిన్నావా? పాస్‌పోర్టు ఎవరి దగ్గరుంది?"

అప్పుడు ఏడ్చాను. ఆగేదాకా ఉండి, మన ఎంబసీకి ఎట్లా చేరాలో నిదానంగా చెప్పింది. నేనివాళ మా వాకిలి ఊడ్చుకుంటున్నానంటే ఆమె చలవే.

దహనం అయిన మర్నాడు శుక్రవారం. ఉల్లిపాయల కోసం కొట్టుకి వెళ్ళాను. బల్ల ఖాళీగా ఉంది. ఫోను మోగింది. కొట్టాయన ఎత్తి, విని, రిసీవరు నా చేతిలో పెట్టాడు.

"అక్కని పిలుస్తారా అండీ? తొందరగా..." ఎవరో పిల్ల, గుసగుసగా.

అక్క లేదని చెప్పాలి. నోరు తెరిచాను.

"అన్నం తిన్నావా అమ్మా?" అన్నాను.

అవతల ఏడుపు మొదలైంది. రిసీవరు చెవి దగ్గరే పెట్టుకుని, అది ఆగేదాకా అక్క బల్ల మీద కూర్చున్నాను.