ఖాసిం సాబు ట్రయలు

గుత్తిలో ఖాసిం సాబు బాగుచేసిన కారు ఏదైనా సరే, నాలుగు డబ్బాల నీళ్ళు మోసి చూపిస్తే తప్ప షెడ్డు వదలకూడదు. అది ఆయన పెట్టిన చట్టం. బ్రేకులు బిగించినా అంతే, హారను మార్చినా అంతే. వెనక సీటు తీసేసి, కిరసనాయిలు డబ్బాల్లో షెడ్డు బావి నీళ్ళు నింపి, బొమ్మక్కపల్లె దాకా తిప్పి తేవాలి. దానిపేరు ట్రయలు.

"హారనుకు నీళ్ళ బరువెందుకు సాబూ?" అని ఒకసారి షెడ్డులో పనిచేసే ముత్యాలప్ప అడిగాడు.

"బరువు మోస్తా అరిస్తేనే గొంతు సంగతి తెలిసేది. నువ్వు మూటెత్తుకోని పాట పాడు, చూస్తాం."

వానలు వరసగా రెండో ఏడూ ఎగ్గొట్టిన ఎండాకాలంలో, వకీలుగారి డ్రైవరు కుళ్ళాయప్ప ఈ చట్టం సంగతి తెలిసీ, వేరే దారి లేక ఆ షెడ్డుకే వచ్చాడు. నల్లకారు డైనమో మూలుగుతోంది. బ్యాటరీకి చార్జి ఎక్కడం లేదు. నాలుగు గంటల మద్రాసు బండికి వకీలుగారు దిగుతారు. "ఇంకోసారి నన్ను స్టేషన్లో నిలబెట్టావంటే వేరే పని చూసుకో" అని ఆయన కిందటి వారమే చెప్పేశారు.

సాబు డైనమో విప్పాడు. అరిగిన కార్బన్ ముక్కలు రెండు అరచేతిలో పడ్డాయి.

"ఇవి కార్బన్లా, చింతగింజలా? ఇంత అరిగేదాకా ఏం చేస్తాంటివప్పా?"

"కారు తోల్తాంటి."

సాబు లోపలి ఎర్రదుమ్ము ఊదేశాడు. కార్బన్లు ఒరుసుకునే రాగి కట్టును గరుకు కాగితంతో మెరిసేట్టు రుద్దాడు. కొత్త కార్బన్లను దాని వంపుకు తగ్గట్టు అరగదీసి, స్ప్రింగుల కింద కూర్చోబెట్టి బిగించాడు. ఇంజను స్టార్టు చేయగానే ఎర్రబల్బు ఆరిపోయింది. చార్జి ఎక్కుతోంది. అప్పటికి మూడు దాటింది.

కుళ్ళాయప్ప ఊపిరి పీల్చుకుని వెనక్కి చూశాడు. సీటు లేదు.

"సాబూ, నీ కాళ్ళు పట్టుకుంటా! స్టేషన్ ఆ పక్క, బొమ్మక్కపల్లె ఈ పక్క. అయినా డైనమోను చూసేది దీపాలేసి గానీ నీళ్ళు మోయించి కాదు. నాకు తెల్దా?"

"అట్లయితే దీపాలు గూడా ఏసుకో" అంటూ సాబు డబ్బా ఎత్తాడు.

పట్టపగలు దీపాలతో కారు బొమ్మక్కపల్లెలోకి పోయింది. ఊరి మొదట్లోనే అక్కమ్మ నడుం మీద చేయి వేసుకుని నిలబడి ఉంది. వెనక కడవలతో ఆడవాళ్ళు.

"మళ్ళా వచ్చినావా సాబూ? ఊళ్ళో కడవలన్నీ నీకే సాలకుండా పోతాండాయి."

"ఏం చేసేదక్కా, ట్రయలు అయిపాయ. ఈ బరువుతోనే ఎనక్కి పోతే స్ప్రింగులు ఇరుగుతాయి. ఆ పక్క పారబోసి పోతాం."

"పారబోస్తావా? బుద్ధుండే మాటేనా? ఇట్ల పొయ్యి! ఊరికే ఇస్తే ఒకరిది తీసుకొనేవాళ్ళం కాదు మేము. నీకు ఇబ్బందని పట్టుకుంటాండాం, అంతే."

"నీ మేలు మర్చిపోనక్కా" అన్నాడు సాబు, వినయంగా.

కుళ్ళాయప్ప పక్కనున్న బావిలోకి తొంగిచూశాడు. అడుగున మట్టి పెచ్చులుగా లేచి ఉంది. వెనక్కి తిరిగేసరికి పిల్లలు మొదటి కడవ చుట్టూ మూగారు. అతను పోయి చివరి డబ్బా తానే దించాడు.

తర్వాత కారు రోడ్డు మీద నడిచిందో ఎగిరిందో చెప్పలేం. వకీలుగారు రైలు దిగి బయటికి వచ్చేసరికి కారు ఎదురుగా ఉంది. దీపాలు వెలుగుతున్నాయి. వెనక సీటు ఉండాల్సిన చోట ఖాళీ డబ్బా బోర్లించుకుని సాబు కూర్చున్నాడు.

"ఇదేమిటయ్యా?"

"ట్రయలు సామీ. తమరు ముందర కూర్చోండి."

నిలబడాల్సిన పని లేకపోయింది కాబట్టి వకీలుగారు ఇంకేమీ అడగలేదు.

వారం తిరగకముందే కుళ్ళాయప్ప మళ్ళీ షెడ్డు ముందు కారు ఆపి దిగాడు.

"డైనమో మూలుగుతాండాది సాబూ."

సాబు బానెట్ మీద చెవి పెట్టి శ్రద్ధగా విన్నాడు. ఇంజను ఆపేసి ఉంది.

"అవునప్పా, గట్టిగానే మూలుగుతాండాది" అని, సీటు తీయడానికి వెనక తలుపు తెరిచాడు.

కుళ్ళాయప్ప సీటును ఇంటి దగ్గరే తీసిపెట్టి వచ్చాడు.