ఉరుముల కుమారులూ, తెర వెనక నేనూ

ఆ రోజుల్లో మా బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో దేవుణ్ణి గట్టిగా పిలవాలన్నా ముందు పక్క క్వార్టర్లో ఎవరు పడుకున్నారో కనుక్కుని పిలవాల్సి వచ్చేది. రాత్రంతా గూడ్సు నడిపి పొద్దున్న ఇల్లు చేరిన డ్రైవరు పగలు నిద్రపోకపోతే మళ్ళీ ఇంజను ఎక్కలేడు. అందుకని డ్రైవర్ల ఇళ్ళల్లో గిన్నె కింద పెట్టడం దగ్గర్నుంచి పిల్లల్ని తిట్టడం దాకా అన్నీ చప్పుడు కాకుండానే జరిగేవి. నాన్న ఇంట్లో పడుకుంటే మా అమ్మ కుక్కరు పక్కనే కాపలా కాసి, విజిలు వచ్చే లోపల స్టవ్వు కట్టేసేది. (మేము తిన్న అన్నం ఎప్పుడూ కాస్త పలుకే.) అలాంటి కాలనీలో, అలాంటి ఇంట్లో, హార్డ్ రాక్ బ్యాండు పెట్టి క్రీస్తు సువార్త చాటాలన్న బుద్ధి ఎవరికైనా పుడుతుందా? మా అన్నకి పుట్టింది. వాడికి చిన్నప్పట్నుంచీ అంతే, పనికొచ్చే ఆలోచన ఒక్కటీ రాదు.

ఆ బ్యాండు చరిత్ర పెద్దదేం కాదు. మొదట దాని పేరు అగ్నిస్తంభం. చర్చి ఆవరణలో జరిగిన మొట్టమొదటి ప్రోగ్రాములోనే స్పీకరు లోంచి పొగ రావడంతో, ఆ పేరు మరీ నిజమైపోయిందని పాస్టరుగారు మార్చమన్నారు. అప్పుడు ఉరుముల కుమారులు అయ్యారు. గిటారు మా అన్న. పాట పాస్టరుగారి అబ్బాయి. భుజాల దాకా జుట్టు పెంచినందుకు అందరం, బైబిల్లో జుట్టులోనే బలమున్న వీరుడి పేరు మీద, సమ్సోను అనేవాళ్ళం. మా తాతల నాటి తెలుగు కీర్తనలే తీసుకుని గొంతు చించుకుని అరవడం వాడి ప్రతిభ. తెలుగు చదవడం రాదు కాబట్టి హిందీ అక్షరాల్లో రాసుకుని అరిచేవాడు. వింటున్నవాళ్ళకి దేవుణ్ణి స్తుతిస్తున్నాడో, సీటు ఆక్రమించినవాడితో తగువాడుతున్నాడో తెలిసేది కాదు. డ్రమ్ములేమో బిల్హాలో ఒక పెళ్ళి బ్యాండువాళ్ళు వదిలించుకున్న పాత సెట్టు. వాళ్ళ పేరు మీద పావురం బొమ్మ అతికించారు గానీ, రెక్క కింద నుంచి 'శుభ్ వివాహ్' అన్న మాట కనబడుతూనే ఉండేది. పేరు గొప్ప, ఊరు దిబ్బ.

మొదటి డ్రమ్మరు వాళ్ళ నాన్నకి బదిలీ అయిపోయింది. సండే స్కూల్లో డోలక్ వాయించిన అనుభవం నాకొక్కదానికే ఉంది. పైగా సెట్టు ఉన్నది మా వెనక గదిలోనే. అలా పదిహేడేళ్ళ వయసులో నేను ఉరుముల కుమారుల్లో చేరాను. (కుమార్తెలు కూడా అని పేరు మారుద్దామంటే, "అరే యార్, అందులో దమ్ముండదు" అన్నాడు సమ్సోను.) నాన్న కట్నీ లైనులో డ్యూటీకి వెళ్ళాడంటే చాలు, గది తలుపులు వేసుకుని బాదేదాన్ని. నాన్న ఇంట్లో ఉంటే బొంత మడతపెట్టి దాని మీద సాధన. ఒకసారి నాన్న గదిలోకి తొంగిచూసి "ఏటీ డబ్బాలు?" అన్నాడు. మా అన్న తడుముకోకుండా "షెడ్డు బాబువి నాన్నా, వాడే వాయిస్తాడు" అనేశాడు. షెడ్డు బాబు అంటే లోకో షెడ్డులో అప్రెంటిసు చేసే మా అన్నావాళ్ళ స్నేహితుడు. వాడికి నల్ల కళ్ళద్దాలు తప్ప సంగీతంతో ఏ సంబంధమూ లేదు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఎందుకంటే నాకు ఈ లోకంలో కావలసింది అప్పుడు ఒక్కటే: ఆ డ్రమ్ముల వెనక కూర్చున్న నన్ను నాన్న ఒక్కసారి చూడాలి.

అలాంటి అవకాశం రానే వచ్చింది. సంఘం వార్షికోత్సవానికి రైల్వే ఇన్‌స్టిట్యూట్ హాల్లో మా బ్యాండు పాడవచ్చని కమిటీ ఒప్పుకుంది. నాన్నకీ ఆ సాయంత్రం ఖాళీయే. నేను కొత్త చుడీదారు కుట్టించుకున్నాను కూడా. అంతలో సంఘపెద్దగారు రిహార్సలుకి వచ్చి, నన్ను చూసి, దగ్గి, మా అన్నని పక్కకి పిలిచారు. "ఆడపిల్ల అలా కాళ్ళు ఎడంగా పెట్టుకుని కూర్చుని బాదితే ఏం బాగుంటుంది బాబూ? కోరస్‌లో నిలబెట్టండి" అన్నారు. మా వీరులు ఏం చేశారనుకుంటున్నారు? ఎదిరించారా? ఉరుముల కుమారులు పిల్లుల్లా తలలూపి, అరగంట ప్రార్థన చేసి, ఒక ఉపాయం కనిపెట్టారు. స్టేజీ మీద షెడ్డు బాబు కూర్చుని వాయిస్తున్నట్టు నటిస్తాడు. తెర వెనక నేను వాయిస్తాను.

"ఈ ఒక్కసారికే. పెద్దాయనకి నచ్చిందా, నెక్స్ట్ టైమ్ నువ్వే ముందు. పక్కా," అన్నాడు సమ్సోను. నేను నమ్మాను. (నా తెలివి గురించి ఇంతకంటే చెప్పనక్కర్లేదు.) బిల్హా నుంచే ఇంకో సెట్టు ఒక రోజుకి తెచ్చి, చప్పుడు రాకుండా దాని మీద దుప్పటి ముక్కలు పరిచి, షెడ్డు బాబు ముందు పెట్టారు.

మొదటి రెండు పాటలూ గడిచాయి. తెరకున్న చిన్న చిరుగులోంచి చూస్తే నాన్న రెండో వరసలో కనిపించాడు. డ్యూటీ దిగి నేరుగా వచ్చేసినట్టున్నాడు, డ్రైవర్లు డ్యూటీకి మోసుకెళ్ళే లైన్ బాక్సు కాళ్ళ దగ్గరే ఉంది. కళ్ళు ఎర్రగా ఉన్నా షెడ్డు బాబునే శ్రద్ధగా చూస్తున్నాడు. మూడో పాట మధ్యలో డ్రమ్ములు ఒంటరిగా మోగే ఘట్టం ఒకటుంది. దాని కోసం నేను బొంతల మీద ఎన్ని నెలలు చచ్చానో నాకే తెలుసు. నేను ప్రాణం పెట్టి వాయిస్తుంటే షెడ్డు బాబు చేతిలోని డ్రమ్ము పుల్లని గాలిలోకి ఎగరేశాడు. అది తిరిగి చేతికి రాలేదు, ముందు వరసలో ఎవరి ఒళ్ళోనో పడింది. డ్రమ్ములు మాత్రం మోగుతూనే ఉన్నాయి. జనం నవ్వారు. అక్కడితో ఆగాడా? లేచి నిలబడి, రెండు చేతులూ పైకెత్తి, చప్పట్లకి వంగి వంగి దండాలు పెట్టాడు. సొమ్మొకడిది, సోకొకడిది. మా నాన్న కూడా వాడికి చప్పట్లు కొట్టడం చూశాను. నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. వాయించడం ఆపేశాను.

షెడ్డు బాబు కంగారుగా కూర్చుని మిగిలిన పుల్లతో బాదాడు. దుప్పటి ముక్కలు దుమ్ము రేపాయి తప్ప పలకలేదు. సమ్సోను తాళం లేక, తప్పిపోయిన మేకపిల్లలా ఇంకో రెండు లైన్లు పాడి ఆగిపోయాడు. సంఘపెద్దగారు లేచి నిలబడ్డారు. నా పని అయిపోయింది, రేపట్నుంచి చర్చికి మొహం ఎలా చూపించాలా అనుకుంటున్నాను. అప్పుడు ముందు వరస నుంచి మా పక్క క్వార్టరు మామ్మ గొంతు వినిపించింది.

"ఏటమ్మా, ఆపేసినావు? బాగానే వాయిస్తన్నావు కదా."

"ఎవరితో మాట్లాడుతున్నావమ్మా? కూర్చో" అన్నారు సంఘపెద్దగారు.

"కూకుంటాన్లే బాబూ. తెరెనకాల డ్రైవరుగారి పిల్లుంది, ముందు దాన్ని ఇవతలికి రమ్మను. రెండేళ్ళ నుంచి ఇంటన్నాం గోడవతల. డబ్బాలు మోగినాయంటే ఆళ్ళ నాన డ్యూటీకి ఎల్లినాడని మాకు లెక్క. ఈ నల్లద్దాల బాబు ఏటి వాయిస్తాడు, ఆడి మొకం."

హాలు గొల్లుమంది. తర్వాత తెలిసింది, మా క్వార్టర్ల లైనులో ఆ సంగతి ఎరగని గడప లేదట. పాలబ్బాయికి కూడా తెలుసట. తెర వెనక ఉన్నది నేనని తెలియనివాళ్ళు ఇద్దరే: నన్ను కోరస్‌లోకి పంపేశాననుకున్న సంఘపెద్దగారూ, నేను వాయించినప్పుడల్లా ఊళ్ళో లేని మా నాన్న. సంఘపెద్దగారు నాన్న వైపు తిరిగారు. ఇక పిల్ల తండ్రే తేల్చాలన్నట్టు ఆగిపోయారు. నేను చిరుగులోంచి కన్ను తియ్యలేదు. నాన్న మెల్లిగా లేచాడు.

"అచ్ఛా," అన్నాడు. తర్వాత, "అయ్యగారూ, పన్నెండు గంటలు ఇంజన్లో కూకుని వచ్చినాను. మళ్ళీ రేపు డ్యూటీ. పిల్లని ముందుకొచ్చి వాయించెయ్యమనండి. వినేసి ఎల్లి పడుకుంటాను" అన్నాడు.

ఆ మాటకి అడ్డు చెప్పడానికి రైల్వే కాలనీలో ఎవరికీ నోరు రాదు. డ్రైవరు నిద్ర చెడగొట్టే సంఘపెద్ద ఇంకా పుట్టలేదు. నేను బయటకి వచ్చి, దుప్పటి ముక్కలు పీకి పారేసి కూర్చున్నాను. అద్భుతంగా వాయించానని చెబుదామని ఉంది గానీ అబద్ధమెందుకు? కంగారులో వాళ్ళకంటే ఒక చరణం ముందే పాట పూర్తి చేసేశాను. నాన్న కళ్ళు మూసుకుని తల ఊపుతున్నాడు. వింటున్నాడో, తూగుతున్నాడో అప్పుడూ తెలియలేదు, తర్వాత అడిగే ధైర్యమూ చెయ్యలేదు.

ఆ తర్వాత నాకు బ్యాంకు ఉద్యోగం వచ్చింది, సమ్సోనుకి బట్టతల వచ్చింది. బ్యాండు ఇప్పటికీ ఉంది. పేరు శాంతి జలాలు. కళ్ళు మూసుకుని ఒకే మాటని ఇరవైసార్లు అనే మెత్తటి పాటలు పాడతారు. డ్రమ్ములు కూడా లేవు, ఫోన్లోంచి వస్తాయి. నిప్పుతో మొదలై, ఉరిమి, చివరికి నీళ్ళయింది. మొన్న సమ్సోను చర్చి వాట్సాప్ గ్రూపులో 'మన బ్యాండు ప్రస్థానం' అని పెద్ద వ్యాసం పెట్టాడు. అందులో నా పేరు వెతికాను. లేదు. 'తొలినాటి డ్రమ్మర్, మన ప్రియ సోదరుడు' అని షెడ్డు బాబు ఫోటో ఉంది, పుల్ల ఎగరేస్తూ. (నేను ముందుకొచ్చేసరికి కెమెరాలో రీలు అయిపోయిందట. అవుతుంది మరి.) పళ్ళు కొరుక్కుంటూ నాలుగు పేరాల జవాబు రాసి, చెరిపేశాను. అంతలో మోప్కా నుంచి ఎవరో చిన్నపిల్ల, నేను ఎరగను, ఆ ఫోటో కింద అడిగింది: "భయ్యా, పీఛే పర్దేకే నీచే యే పైర్ కిస్‌కే హైఁ?"

తెర కింద కాళ్ళెవరివా అని ఫోటో పెద్దది చేసి చూశాను. తెర నేల దాకా లేదు. దాని కింద రెండు పాదాలు, ఒకటి గాలిలో. చెప్పులు విడిచేసి, కొత్త చుడీదారు మడమల పైకి దోపుకుని, ఎంత కోపంగా ఉన్నాయో ఆ కాళ్ళు! ఆ పిల్లంటే, అప్పటి నేనంటే, నాకు చెప్పలేనంత ముద్దొచ్చింది. సంఘపెద్దగారు చెప్పినట్టే, కాళ్ళు ఎడంగానే పెట్టుకున్నాను.

"నావే" అని రాసి పంపించాను.