దైవసహాయంగారి అమ్మాయీ, నా కనురెప్పలూ

అందంగా ఉన్న మనిషి ఒకడు తనంతట తను కంటి డాక్టరు దగ్గరికి నడిచి వెళ్ళి, ఒకసారి కాదు రెండుసార్లు కత్తికి మొహం అప్పగించి, ఎంత అవస్థ కొనితెచ్చుకున్నాడో చెబుతాను. అందంగా ఉన్న మనిషి అంటే నేనే. ఈ మాట అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటాను. మధ్యలో కొన్నాళ్ళు మాత్రం నాకే అనుమానం వచ్చింది. ఘోరమంతా ఆ కొన్నాళ్ళలోనే జరిగిపోయింది.

డెబ్బైల మొదట్లో నేను బెజవాడ ఆటోనగర్‌లో లారీల స్పేర్‌పార్టుల కొట్లో గుమస్తాని. తెలివికి లోటు లేదు, నోటికి అసలే లేదు. ఉన్న లోపమల్లా పుట్టుకతో వాలిపోయిన కనురెప్పలు. రెండూ నల్లగుడ్డు మీదికి సగందాకా దిగి ఉండేవి. ఎదుటిమనిషిని చూడాలంటే గడ్డం పైకెత్తి, రెప్పల కింది సందులోంచి చూడాలి. దాంతో జనానికి నేను నిద్రమొహంగానూ, పొగరుబోతుగానూ ఒకేసారి కనిపించేవాణ్ణి. కొట్టుకొచ్చిన లారీ డ్రైవర్లు "బాబూ, లేచాక ఒక క్లచ్‌ప్లేటు చూపించు" అనేవాళ్ళు. నేను పట్టించుకునేవాణ్ణి కాదు. ఆ సందులోంచి నాకు లోకం శుభ్రంగా కనిపించేది.

ముఖ్యంగా ఆదివారం చర్చిలో సుగుణ కనిపించేది. పటమట వైపున్న మా చర్చిలో మగవాళ్ళం కుడివైపు, ఆడవాళ్ళు ఎడమవైపు చాపల మీద కూర్చునేవాళ్ళం. సుగుణ మా సంఘపెద్ద దైవసహాయంగారి అమ్మాయి, ఎలిమెంటరీ స్కూల్లో టీచరు. ప్రసంగం జరుగుతున్నంతసేపూ నేను గడ్డం ఎత్తి ఆమెనే చూస్తూ ఉండేవాణ్ణి. పక్కన కూర్చున్నవాడిక్కూడా తెలిసేది కాదు. వీడు హాయిగా కునుకు తీస్తున్నాడనే అనుకునేవారు. ఇంత సదుపాయం ఏ మగవాడికి దక్కుతుంది చెప్పండి.

చివరికి అమ్మ వాళ్ళింటికి వెళ్ళి సంబంధం మాట కదిపింది. మొహం వేలాడేసుకుని తిరిగొచ్చింది.

"ఏమన్నారమ్మా?"

"కుర్రాడు బుద్ధిమంతుడే అన్నార్రా. కానీ వాక్యం చెప్తుంటే నిద్రపోయేవాడికి పిల్లనివ్వనన్నారు."

"నేను నిద్రపోవట్లేదు."

"మరేం చేస్తున్నావని చెప్పమంటావు ఆయనకి?"

ఉన్న జవాబు చెబితే పిల్ల సంగతి దేవుడెరుగు, చర్చి గడప కూడా తొక్కనివ్వరు. సుగుణ లేకపోతే నేను బతకలేనని ఆ సాయంత్రమే తేల్చుకున్నాను. మర్నాడు గవర్నరుపేటలో ఒక కంటి డాక్టరుగారి ముందు కూర్చున్నాను. ఆయన నా రెప్పలు ఎత్తి చూసి, దించి చూసి అంతా విడమరిచి చెప్పారు.

"రెప్పలో కండ బలహీనంగా ఉందయ్యా. బిగించి కుడితే పైకి లేస్తుంది. మత్తు రెప్పకి మాత్రమే ఇస్తాను, నువ్వు మెలకువగానే ఉంటావు. మధ్యలో నిన్ను చూడమంటాను. మామూలుగా చూడు, చాలు. దాన్నిబట్టి ఎంత బిగించాలో నేను చూసుకుంటాను."

ఇదిగో, ఇక్కడ నా తెలివి పనిచేసింది. ఆటోనగర్‌లో అన్నం తినేవాడికి ఒక సంగతి తెలుసు. రెట్టింపు అడిగితే కావలసినంత దక్కుతుంది. ఉన్నదున్నట్టు అడిగితే ఎదుటివాడు అందులో సగం కోసేస్తాడు. డాక్టరు మాత్రం మనిషి కాదా? ఈయన దగ్గర మామూలుగా చూస్తే అరకొరగా లేపి పంపిస్తాడు. అంచేత మర్నాడు ఆపరేషన్ బల్లమీద పడుకుని, ఆయన "చూడు" అనగానే రెప్పల్ని ఇంకాస్త కిందికి వాల్చాను.

"ఇంతేనా తెరవగలవు?"

"అంతేనండీ."

"నిన్న ఇంతకంటే బాగా తెరిచావే."

"నిన్న బలవంతాన తెరిచానండీ. ఊపిరి బిగబట్టి."

ఆయన అయ్యో పాపం అనుకుని ఇంకో పట్టు బిగించారు. రెండో కన్నుకీ అదే బేరం సాగింది. మనసులో నన్ను నేనే మెచ్చుకున్నాను.

కట్లు విప్పాక అద్దంలో చూసుకుని నేనే వెనక్కి గెంతాను. నల్లగుడ్డు చుట్టూ పైనా కిందా తెల్లగా బయటపడి ఉంది. అప్పుడే చావు కబురు విన్న మనిషి మొహం. బస్సెక్కితే పక్కసీటాయన నా చెయ్యి పట్టుకుని "ధైర్యంగా ఉండండి" అన్నాడు. కొట్లో బేరాలు చెడిపోయాయి. కొనేవాడు ఒక ధర అని, నా కళ్ళు చూసి, ఎక్కువ చెప్పేశాననుకుని వెంటనే తగ్గించేవాడు. అన్నిటికంటే కష్టం, కళ్ళు పూర్తిగా మూతపడవు. మధ్యాహ్నం భోంచేసి నడుం వాలిస్తే అమ్మ వచ్చి, కళ్ళు తెరుచుకుని కదలకుండా పడున్న కొడుకుని చూసి గొల్లుమంది.

అయినా నేను కుంగిపోలేదు. దైవసహాయంగారికి కావలసింది తెరిచిన కళ్ళు. నా అంత తెరిచిన కళ్ళు కృష్ణా జిల్లాలో ఇంకొకరికి లేవు.

ఆదివారం ముందు వరసలో కూర్చున్నాను. పాస్టరుగారు ప్రసంగం మొదలుపెట్టి, నావైపు చూసి తడబడ్డారు. మళ్ళీ చూసి, తనేదో తప్పు చెప్పాననుకున్నారో ఏమో, ఆ వాక్యం వెనక్కి వెళ్ళి మళ్ళీ చదివారు. దైవసహాయంగారు మాత్రం సంతోషంగా తలాడించారు. పెళ్ళి ఖాయమనే అనుకున్నాను. అప్పుడాయన లేచి "తలలు వంచి కళ్ళు మూసుకుని ప్రార్థన చేద్దాం" అన్నారు.

ఆయన ప్రార్థన ఉయ్యూరు చెరుకు రైతుల దగ్గర బయల్దేరి, ప్రపంచ దేశాల అధిపతులందర్నీ పలకరించి, నెమ్మదిగా బెజవాడ చేరుకుంటుంది. నేను తల వంచాను. రెప్పలు రామన్నాయి. వంచిన తల ఎటు తిరిగి ఉందో మీకు వేరే చెప్పనక్కర్లేదు.

చర్చి అయ్యాక ఆయన నన్ను పక్కకి పిలిచారు.

"ప్రార్థనలో కళ్ళు తెరుచుకుని ఆడవాళ్ళ వైపు చూస్తావా?"

"అవి మూతపడట్లేదండీ."

"మొన్నటిదాకా తెరుచుకోలేదు. ఇప్పుడు మూతపడట్లేదు. నీ కళ్ళకి చర్చిలోనే వస్తాయా ఈ జబ్బులన్నీ? మా అమ్మాయి మాట మరిచిపో."

కళ్ళు మూసుకుని ప్రార్థన చేస్తున్న తమరికి ఇదంతా ఎలా కనిపించిందండీ అనే ప్రశ్న గొంతుదాకా వచ్చింది. పిల్లనడిగినవాణ్ణి కాబట్టి మింగేశాను.

మళ్ళీ డాక్టరుగారి దగ్గరికి పరిగెత్తాను. ఆయన నన్ను చూసి కంగారుపడ్డారు. నేను జరిగింది చెప్పేశాను. ఆయన కంగారు కోపంలోకి మారింది.

"బల్లమీద పడుకుని నాతో బేరమాడావా?"

"మీరు సగానికి తగ్గిస్తారేమోనని..."

"సరే. వదులు చేసి కుడతాను. ఈసారి నీ సంగతి నాకు తెలుసు."

రెండోసారి బుద్ధిగా పడుకున్నాను. "చూడు" అనగానే ఏ మాయా లేకుండా మామూలుగా చూశాను. ఆయన నా కళ్ళలోకి చూసి, వీడు మళ్ళీ కావాలనే రెప్పలు వాల్చాడనుకుని, తన లెక్క ప్రకారం బాగా వదిలేశారు. కట్లు విప్పాక చూసుకుంటే రెప్పలు పుట్టినప్పుడు ఎక్కడున్నాయో సరిగ్గా అక్కడికే వచ్చి కూర్చున్నాయి. మూతపడటం మాత్రం బ్రహ్మాండంగా పడుతున్నాయి.

ఆ రెప్పలతోనే దైవసహాయంగారింటికి వెళ్ళాను. ఆయన తేరిపార చూశారు.

"ప్రార్థనలో మూతపడతాయా?"

"పడతాయండీ."

"అయితే సరే. వాక్యంలో నిద్రపోతే దేవుడు క్షమిస్తాడు. ఆడవాళ్ళ వైపు చూస్తే నేను క్షమించను. అమ్మాయిని కూడా ఒక మాట అడుగు."

నేను గాల్లో తేలుతూ వరండాలోకి వెళ్ళాను. సుగుణ పిల్లల పలకలు తుడుస్తోంది. తల ఎత్తకుండానే చెప్పింది.

"నాకిష్టం లేదండీ."

"ఎందుకండీ?"

"ఏళ్ళ తరబడి చర్చిలో నిద్రపోయిన మనిషి ఒక్క ఆదివారం మేలుకుని నన్ను చూశారు. ఆ ప్రార్థనలో నేను కూడా కళ్ళు మూసుకోలేదు. నాకు బాగుందనిపించింది. మీరేమో వెంటనే వెళ్ళి, మళ్ళీ నిద్రపోయేట్టు కుట్టించుకొచ్చారు. ఇలాంటి మనిషితో ఎలా వేగాలి?"

ఆ క్షణంలో నాకు ఏడుపొచ్చింది. ఇక దాచి లాభం లేదని అంతా చెప్పేశాను.

"నేనెప్పుడూ నిద్రపోలేదండీ. ప్రసంగం మొదలవగానే మీరు పిప్పర్‌మెంటు నోట్లో వేసుకుంటారు. పాస్టరుగారు 'చివరిగా ఒక్క మాట' అన్నప్పుడల్లా నమ్మకం లేనట్టు పైటచెంగు వేలికి చుట్టుకుంటారు. గుడ్‌ఫ్రైడేనాడు ఏడు ప్రసంగాల్లో మూడోదానికే మీరు గోడకి ఆనుకుని నిద్రపోయారు. నిద్రపోయింది మీరండీ. నేను కాదు."

సుగుణ పలక పక్కన పెట్టింది. లేచి దగ్గరికొచ్చి, కాస్త వంగి, నా రెప్పల సందులోకి చాలాసేపు చూసింది.

"ఇప్పుడు కూడా చూస్తున్నారా?"

"చూస్తున్నానండీ."

"ఈ సంగతి నాన్నగారికి చెప్పకండి" అని లోపలికి వెళ్ళింది. ఆ పై నెలలోనే మా పెళ్ళయింది.

ఇప్పటికీ ఆదివారం ప్రసంగం మొదలవగానే సుగుణ ఆడవాళ్ళ వైపునుంచి ఒకసారి నాకేసి చూసి, పైట సర్దుకుని నిటారుగా కూర్చుంటుంది. నడుం నొప్పి ఉన్నా సరే, ప్రసంగం అయ్యేదాకా అలాగే ఉంటుంది. పాపం, నేను చూస్తున్నాననుకుంటుంది. అందుచేత, సంఘమంతటి ఎదుట నిలబడినంత గంభీరంగా మీ ముందు ప్రమాణం చేస్తున్నాను. నా కంఠంలో ప్రాణం ఉండగా ఈ రెప్పల్ని ఏ డాక్టరు చేతా వెంట్రుకవాసి కూడా పైకి లేపనివ్వను. పెళ్ళయ్యాక వచ్చిన మొదటి ఆదివారం నుంచీ ప్రసంగంలో నేను నిజంగానే నిద్రపోతున్నాను.